ఇద్దరు రాజులు... తొమ్మిదిమంది రాణులు

లండన్‌లో ఎనిమిదో హెన్రీ, హంపీలో శ్రీకృష్ణదేవరాయలు. ఇద్దరూ ఒకే ఏడాది గద్దెనెక్కారు. ఇద్దరి ఇళ్లలోనూ వారసుడి బెంగ తీరలేదు. ఆ రెండు అంతఃపురాల్లో జరిగినదాని ఫలితం ఆదోని కోట దాకా వచ్చింది.

1509 జూన్ 24న లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఎనిమిదో హెన్రీకి పట్టాభిషేకం జరిగింది. అతనికి పద్దెనిమిదేళ్లు నిండటానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. అదే వేడుకలో భార్య కేథరీన్‌కూ కిరీటం పెట్టారు. వాళ్ల పెళ్లయి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. ఆ ఏడాదే తుంగభద్ర ఒడ్డున విజయనగరంలో తుళువ నరసనాయకుడి కొడుకు కృష్ణదేవరాయలు రాజయ్యాడు. హంపీ విరూపాక్షాలయంలోని 1510 నాటి శాసనం ఆ పట్టాభిషేకాన్ని చెబుతుంది.

ఆదోని, ఎమ్మిగనూరు వాళ్లకు రాయలు పరాయి రాజు కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఎమ్మిగనూరుతో సహా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. హంపీ ఉన్న హోసపేట తాలూకా కూడా ఆ జిల్లాలోదే. అంటే హంపీకీ ఆదోనికీ ఒకే కలెక్టరు. సరిహద్దు గీత ఆ తర్వాత పడిందే. ఆదోని కొండమీది కోట విజయనగరానికి ఉత్తరపు కాపలా. తుంగభద్ర దాటితే రాయచూరు అంతర్వేది. బహమనీలూ, వాళ్ల తర్వాత బీజాపూరు సుల్తానులూ విజయనగర రాజులతో తరతరాలుగా కొట్లాడింది దానికోసమే.

ఈ ఇద్దరు రాజులూ ఒకరి గురించి ఒకరు విన్నట్టు దాఖలా లేదు. కానీ వాళ్ల యౌవనాన్ని చూసినవాళ్లు రాసినది చదివితే ఆశ్చర్యం వేస్తుంది. హెన్రీకి వేట, గుర్రపు స్వారీ, బల్లేలతో పోటీలు, టెన్నిస్ అంటే ప్రాణం. రాయలు తెల్లవారకముందే లేచి నువ్వుల నూనె తాగి, ఒళ్లంతా నూనె పట్టించుకుని, బరువులెత్తి, కత్తి తిప్పి, మల్లులతో కుస్తీ పట్టి, గుర్రం మీద మైదానమంతా తిరిగేవాడని పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాశాడు. ఎత్తు మధ్యస్థం, రంగు తెలుపు, ముఖం మీద మశూచి మచ్చలు, మాట మర్యాద, కోపం వస్తే మాత్రం పట్టలేరని కూడా రాశాడు. 1520 వేసవిలో రాయలు రాయచూరు కోట గెలిచాడు. అదే జూన్‌లో హెన్రీ ఫ్రాన్సు రాజును కలవడానికి జరీ గుడ్డల డేరాలు వేయించి రెండున్నర వారాలు ఉత్సవం చేశాడు.

ఈ ఇద్దరిలో ఒకరి పేరు చెప్పగానే ప్రపంచానికి ఆరుగురు భార్యలు గుర్తొస్తారు. మరొకరి పేరు చెబితే మనకు అష్టదిగ్గజాలు, ఆముక్తమాల్యద, తెనాలి రామకృష్ణుడి చమత్కారాలు గుర్తొస్తాయి. రాణులు ఎవరని అడిగితే తిరుమలదేవి, చిన్నాదేవి అని రెండు పేర్లు చెప్పి ఆగిపోతాం. వాళ్లు ఎవరి బిడ్డలు, ఏం చేశారు, వాళ్ల పిల్లలు ఏమయ్యారు అన్నది తెలిసినవాళ్లు తక్కువ.

మాట నిలుపుకున్న రాకుమారుడు

రాయలకు పన్నెండుమంది భార్యలుండేవారనీ, వాళ్లలో ముగ్గురు పట్టపురాణులనీ, ఆ ముగ్గురి కొడుకులకే సింహాసనం మీద హక్కు ఉండేదనీ పేస్ రాశాడు. ఒకరు శ్రీరంగపట్నం రాజు కూతురు. ఒకరు ఒడిశా గజపతి కూతురు. మూడో ఆమె రాచపుట్టుక లేని నర్తకి.

ఆమే చిన్నాదేవి. ఆమె కథను రాయలు పోయిన కొన్నేళ్లకు విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఫెర్నావో నూనిజ్ వివరంగా చెప్పాడు. రాకుమారుడిగా ఉన్నప్పుడే రాయలు ఆమెను ప్రేమించాడు. రాజునైతే నిన్నే పెళ్లాడతానని ఎన్నోసార్లు మాట ఇచ్చాడు. అప్పటికి ఆ మాట నవ్వులాటకు అన్నదే. రాజయ్యాక కూడా రాత్రిపూట కోట దాటి ఆమె ఇంటికి వెళ్లేవాడు. మంత్రి తిమ్మరసు ఒక రాత్రి వెంబడించి పట్టుకుని మందలించాడు. రాయలు తప్పించుకోజూడలేదు. మాట ఇచ్చాను, పెళ్లాడి తీరతానన్నాడు. ఇక లాభం లేదని తెలుసుకున్న తిమ్మరసు, ముందు రాచకుటుంబంలోని ఒక అమ్మాయితో పెళ్లి జరిపించి, ఆ తర్వాత చిన్నాదేవిని కూడా అంతఃపురానికి తెచ్చాడు. రాజుకు నింద రాకుండా, మాట పోకుండా చూశాడు.

ఇది ఒక విదేశీయుడు విని రాసిన కథ. శాసనాల్లో చిన్నాదేవి పుట్టుక గురించి ఒక్క ముక్క కూడా లేదు. తిరుమలదేవి పేరు పక్కన ఆమె పేరూ రాణిగానే సమానంగా కనిపిస్తుంది. నూనిజ్ చెప్పింది నిజమైతే, పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టే కాలంలో ఒక నర్తకికి దక్కిన ఆ గౌరవం చాలా పెద్దది.

అయితే ఆ గౌరవం ఆమె ఒక్కతికే దక్కింది. ఇదే బళ్లారి సీమలో, ఇదే ఆదోని పల్లెల్లో బసివి పేరుతో ఆడపిల్లలను దేవుడికి వదిలే ఆచారం ఆ తర్వాత కూడా శతాబ్దాలపాటు సాగింది. దాన్ని ఆపడానికి 1947లో మద్రాసు ప్రభుత్వం ఒక చట్టం, 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మరో చట్టం తేవాల్సి వచ్చింది. ఒక్క చిన్నాదేవి రాణి అయినంత మాత్రాన ఆ ఇళ్లలో పుట్టిన పిల్లల తలరాత మారలేదు. రాజు ప్రేమను కొనియాడేటప్పుడు ఈ మాటనూ కలిపి చెప్పుకోవాలి.

పాల నైవేద్యానికి బంగారు గిన్నెలు

తిరుమలదేవి శ్రీరంగపట్నం నుంచి వచ్చిందని పేస్ సాక్ష్యం. పారిజాతాపహరణం రాసిన నంది తిమ్మన ఆమె పుట్టింటి నుంచి అరణంగా వచ్చిన కవి అని మన సంప్రదాయం చెబుతుంది. ఆ కావ్యం పుట్టుక గురించి చెప్పుకునే కథ ఆంధ్రదేశంలో తెలియని ఇల్లు లేదు. నిద్రలో తిరుమలదేవి కాలు రాయల చిత్రపటానికి తగిలిందట. రాజు అలిగి ఆమె అంతఃపురానికి వెళ్లడం మానేశాడట. అప్పుడు తిమ్మన, సత్యభామ కాలు తగిలినా కృష్ణుడు చిన్నబుచ్చుకోని కథను కావ్యంగా వినిపించి ఇద్దరినీ కలిపాడట. ఇది జరిగిందనడానికి ఆధారం లేదు. కానీ భార్య మీద అలిగిన రాజును దారికి తేవడానికి కవి మాట చాలునని నమ్మిన సమాజం మనది. హెన్రీ కొలువులో ఇలాంటి కథ పుట్టలేదు.

రాణుల గురించి ఖాయంగా తెలిసినదంతా రాతి మీదే ఉంది. 1513 ఫిబ్రవరి 10న రాయలు మొదటిసారి తిరుమల కొండెక్కి స్వామికి రత్నకిరీటం సమర్పించాడు. అదే రోజు చిన్నాదేవి, తిరుమలదేవి పాల నైవేద్యానికి చెరొక బంగారు గిన్నె ఇచ్చారు. ఉదయగిరి గెలిచాక 1514 జూలైలో రాయలు 30,000 వరహాలతో కనకాభిషేకం చేసినప్పుడు రాణులిద్దరూ నగలతోపాటు చెరొక ఊరిని స్వామి పేర రాశారు. 1515లో కొండవీడు పట్టుబడిన తర్వాత అమరావతిలో రాజు తులాపురుష దానం చేస్తే, చిన్నాదేవి రత్నధేను దానం, తిరుమలదేవి సప్తసాగర దానం చేశారు. యుద్ధయాత్రల్లో రాణులు వెంట ఉన్నారనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. తమ పేర దానం చేయగల ఆస్తి, ఆ దానాన్ని రాతి మీద వేయించుకునే హోదా వాళ్లకు ఉన్నాయి.

తిరుమల గుడిలోకి అడుగుపెట్టగానే చేతులు జోడించి నిలబడ్డ మూడు రాగి విగ్రహాలు కనిపిస్తాయి. నడుమ రాయలు, చెరొక పక్కన చిన్నాదేవి, తిరుమలదేవి. విగ్రహాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. రోజూ వేలమంది వాటి ముందునుంచే స్వామి దర్శనానికి వెళతారు.

సంధిలో వచ్చిన రాకుమారి

ఆ విగ్రహాల్లో మూడో రాణి లేదు. ఆమె గజపతి ప్రతాపరుద్రుడి కూతురు. రాయలు ఉదయగిరి, కొండవీడు, కొండపల్లి కోటలు వరసగా గెలిచి, రాజమండ్రి మీదుగా సింహాచలం దాకా వెళ్లి, పొట్నూరులో విజయస్తంభం వేయించాక గజపతి సంధికి వచ్చాడు. కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేలను రాయలు తిరిగి ఇచ్చేశాడు. గజపతి కూతుర్ని ఇచ్చాడు. ఆ యుద్ధంలోనే ఆమె అన్న వీరభద్రుడు కొండవీట్లో పట్టుబడ్డాడు. తనకంటే తక్కువవాడితో కత్తి పట్టమన్న అవమానం భరించలేక ప్రాణం తీసుకున్నాడని నూనిజ్ రాశాడు. అన్న చావుకు కారణమైనవాడి ఇంటికి కోడలిగా వచ్చిన పిల్ల మనసు ఎలా ఉండి ఉంటుందో ఏ శాసనమూ చెప్పలేదు.

ఆమె అసలు పేరు కూడా మనకు నిలవలేదు. కావ్యాల్లో జగన్మోహిని, కథల్లో తుక్కాదేవి, సినిమాలో అన్నపూర్ణ. ఎన్.టి.రామారావు రాయలుగా, గుమ్మడి తిమ్మరసుగా నటించిన ‘మహామంత్రి తిమ్మరుసు’ 1962లో వచ్చింది. తెలుగువాళ్లకు ఈ రాణులను పరిచయం చేసింది ఎక్కువగా ఆ సినిమానే. రాయలు ఆమెను దూరం పెట్టాడనీ, ఆమె కంభంలో ఉండిపోయిందనీ, తన బాధను అయిదు సంస్కృత శ్లోకాల్లో చెప్పుకుందనీ ఒక ఐతిహ్యం. ఆ శ్లోకాలను తుక్కాపంచకం అంటారు. గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువు ఆమె తవ్వించిందేనని ఆ ప్రాంతంవాళ్లు చెబుతారు. అక్కడ ఆమె పేరు వరదరాజమ్మ. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కంభం కర్నూలు జిల్లాలోనే ఉండేది. ఐతిహ్యం నిజమో కాదో కానీ, భర్త ఆదరించని రాణి నీళ్లిచ్చి ఊళ్లను ఆదరించిందని జనం తలచుకోవడం మాత్రం నిజం.

లండన్‌లో ఆరుగురు

హెన్రీకి ఒకేసారి ఇద్దరు భార్యలు ఉండటానికి అతని మతం ఒప్పుకోదు. కొత్త పెళ్లి కావాలంటే పాత పెళ్లి చెల్లకుండా పోవాలి, లేదా భార్య చనిపోవాలి. అక్కడి విషాదమంతా ఈ ఒక్క నియమంలోంచి పుట్టింది.

మొదటి భార్య కేథరీన్ స్పెయిన్ రాకుమారి, హెన్రీ అన్న ఆర్థర్ వితంతువు. 1513లో భర్త ఫ్రాన్సు మీద యుద్ధానికి వెళితే ఇంగ్లండును ఆమే ఏలింది. ఆ ఏడాదే ఇక్కడ మన రాణులు తిరుమలలో బంగారు గిన్నెలు ఇచ్చారు. కేథరీన్‌కు పుట్టిన పిల్లల్లో బతికి పెద్దయింది మేరీ ఒక్కతే. కొడుకు లేడన్న దిగులుతో, అన్న భార్యను చేసుకోవడం పాపమన్న వాదంతో హెన్రీ ఆ పెళ్లిని రద్దు చేయమని పోప్‌ను అడిగాడు. పోప్ కాదన్నాడు. రాజు పోప్‌నే కాదన్నాడు. 1534లో ఇంగ్లండు చర్చికి తనే అధిపతినని చట్టం చేయించాడు. ఒక పెళ్లి తెగడం కోసం ఒక దేశం మతమే మారింది.

రెండో భార్య ఆన్ బొలీన్ 1533 సెప్టెంబరులో ఎలిజబెత్‌ను కన్నది. కొడుకు పుట్టలేదు. 1536 మే 19న వ్యభిచారం, రాజద్రోహం నేరాలు మోపి ఆమె తల తీయించారు. పదకొండు రోజులకే హెన్రీ జేన్ సీమోర్‌ను పెళ్లాడాడు. ఆమె 1537లో కొడుకు ఎడ్వర్డ్‌ను కని పన్నెండు రోజులకే బాలింతగా కన్నుమూసింది. నాలుగో భార్య క్లీవ్స్ రాకుమారి ఆన్‌తో పెళ్లి 1540 జనవరిలో జరిగింది. జూలైలో అది రద్దయింది. ఆమె ఎదురు చెప్పకుండా ఇళ్లూ భరణమూ పుచ్చుకుని హెన్రీ కంటే పదేళ్లు ఎక్కువ బతికింది. అయిదో భార్య కేథరీన్ హోవార్డ్‌ను చేసుకున్న రోజే, నాలుగో పెళ్లి కుదిర్చిన మంత్రి థామస్ క్రామ్‌వెల్ తల తెగింది. ఆ అమ్మాయి తల 1542 ఫిబ్రవరిలో తెగింది. ఆరో భార్య కేథరీన్ పార్ 1545లో తన పేరుతో ప్రార్థనల పుస్తకం అచ్చువేసిన విదుషి. 1547 జనవరిలో హెన్రీ పోయేనాటికి ఆమె భార్యగానే మిగిలింది.

తేడా ఎక్కడుంది?

ఇక్కడ ఏ రాణి తలా తెగలేదు కాబట్టి మన అంతఃపురమే గొప్పదని అనేస్తే తొందరపాటు. బహుభార్యత్వం ఉన్నచోట ఒక భార్యను వదిలించుకోవలసిన అవసరం రాజుకు రాదు. ఆదరించడం మానేస్తే చాలు. గజపతి కూతురి కథ సారం అదే. ముగ్గురు పట్టపురాణులకూ నగలు, పరివారం సరిసమానంగా ఉండేవని పేస్ చెప్పిన మాట నిజమే. మహానవమి ఊరేగింపులో వాళ్ల చెలికత్తెలు నగల బరువుకు నడవలేక పక్కవాళ్లు చేతులు పట్టి నడిపించేవారని కూడా అతను రాశాడు. కానీ అంతఃపురంలో పన్నెండువేలమంది స్త్రీలున్నారని చెప్పిందీ అతనే. ఆ లెక్కలో అతిశయోక్తి ఉన్నా, వాళ్లలో ఎందరు తమ ఇష్టంతో వచ్చారన్న ప్రశ్న మిగులుతుంది.

భయం మాత్రం రెండుచోట్లా ఒకటే. కొడుకు పుట్టాలి, పుట్టిన కొడుకు బతకాలి. హెన్రీ ఆ భయాన్ని భార్యల మీద చూపాడు. రాయల ఇంట్లో దాని దెబ్బ మంత్రి మీద పడింది. తిరుమలదేవి కొడుకు తిరుమలరాయలకు ఆరేళ్ల వయసులోనే రాయలు పట్టం కట్టాడు. ఆ బాలుడి పేర వేసిన 1524 నాటి శాసనాలున్నాయి. కొద్ది నెలలకే పిల్లవాడు జబ్బుపడి చనిపోయాడు. తిమ్మరసు కొడుకు విషం పెట్టించాడన్న మాట రాయల చెవిన పడింది. తను అప్పాజీ అని పిలుచుకున్న తిమ్మరసును కుటుంబంతో సహా చెరలో వేసి కళ్లు తీయించాడని నూనిజ్ కథనం. నేరం ఎవరిదో నేటికీ తేలలేదు. కొడుకును పోగొట్టుకున్న తిరుమలదేవి ఏమైందో పట్టించుకుని రాసినవాళ్లు లేరు.

ఆదోని గడపలో

1529లో రాయలు పోయాడు. మిగిలిన కొడుకు పసివాడు. సవతి తమ్ముడు అచ్యుతదేవరాయలు రాజయ్యాడు. కానీ రాయల అల్లుడు రామరాయలు అధికారం కోసం కాచుకుని ఉన్నాడు. అచ్యుతుడు 1542లో పోగానే ఇంట్లో కత్తులు లేచాయి. సదాశివరాయలను పేరుకు రాజును చేసి రామరాయలే ఏలాడు. 1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధంలో రామరాయల తల తెగింది. విజయనగరం కొల్లబోయింది. మూడేళ్లకే, 1568లో, ఆదోని కోట బీజాపూరు సుల్తాను చేతికి పోయింది.

ఇంగ్లండులో కథ సరిగ్గా తిరగబడింది. హెన్రీ తపించి కన్న కొడుకు ఎడ్వర్డ్ పదిహేనేళ్లకే చనిపోయాడు. తరవాత మేరీ, ఆమె తరవాత ఎలిజబెత్ రాణులయ్యారు. తల తెగిన ఆన్ బొలీన్ బిడ్డ 1558 నుంచి 1603 దాకా, తండ్రి కంటే ఎక్కువ కాలం ఏలింది. ఆదోని బీజాపూరు పాలైననాడు లండన్ గద్దె మీద ఉన్నది ఆమే. 1600 డిసెంబరు 31న ఈస్టిండియా కంపెనీకి అనుమతిపత్రం ఇచ్చిందీ ఆమే. దాదాపు రెండు వందల ఏళ్లకు, 1800లో, నిజాము దత్త మండలాలను ఆ కంపెనీకే రాసిచ్చాడు. ఆదోని, ఎమ్మిగనూరు సీమ అందులో ఉంది.

హంపీలో కూతురికి గద్దె దక్కే ఆచారం లేదు. కూతురి భర్త గద్దె కోసం పోరాడాడు, రాజ్యం చెదిరింది. లండన్‌లో ఆడపిల్ల వద్దనుకున్న తండ్రి తరవాత ఆ ఆడపిల్లే రాజ్యాన్ని నిలబెట్టింది. విజయనగరం కూలడానికి సుల్తానుల కూటమి, సేనల్లో చీలికలు, రామరాయల ఎత్తుగడలు అన్నీ కారణాలే. కానీ వారసత్వపు గొడవ వాటన్నిటికీ దారి తీసింది. ఆడపిల్లను లెక్కలోకి తీసుకోని ఇల్లు ఎంత పెద్దదైనా సగం బలంతోనే నిలబడుతుందన్నది ఈ రెండు కథలు కలిపి చదివితే తేలే నిజం.

రాళ్లను కాపాడుకుందాం

హెన్రీ భార్యల గురించి ఉత్తరాలు, కోర్టు కాగితాలు, చిత్రపటాలు దొరుకుతాయి. మన రాణుల గురించి మిగిలింది రాళ్ల మీది నాలుగు వాక్యాలు, ఇద్దరు పోర్చుగీసుల రాతలు. ఆ రాతలనైనా రాబర్ట్ సూయల్ అనే ఐసీఎస్ అధికారి 1900లో ఇంగ్లీషులో పుస్తకంగా వేస్తేనే మనకు తెలిశాయి. తిరుమల శాసనాలు చదివినవాళ్లు లేకపోతే చిన్నాదేవి మనకు ఒక పుకారుగానే మిగిలేది.

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పాత గుళ్ల గోడల మీద, చెరువు కట్టల మీద, పొలం గట్ల మీద శాసనాలు కనిపిస్తే వాటికి సున్నం కొట్టకండి, రంగు పూయకండి, గుడి బాగుచేసేటప్పుడు పునాదిలో వేయకండి. ఫొటో తీసి, ఊరి పేరు రాసి, పురావస్తు శాఖకు గానీ మైసూరులోని శాసన విభాగానికి గానీ పంపండి. బడిలో రాయల పాఠం చెప్పే అయ్యవార్లు, అమ్మవార్లు అష్టదిగ్గజాల పేర్లతోపాటు తిరుమలదేవి, చిన్నాదేవి పేర్లు, పేరు కూడా మిగలని గజపతి కూతురి కథ పిల్లలకు చెప్పండి. రాణులు లేకుండా చెప్పిన రాజుల చరిత్ర సగం చరిత్రే.